పాత ప్రోగ్రాములు ఆగకుండా కొత్త తనిఖీలు: కంప్యూటరులో, ఫోనులో అనుమతుల కథ

ఏ ప్రోగ్రాము అయినా ఒక ఫైలును తెరవాలన్నా, మార్చాలన్నా, తొలగించాలన్నా తనంత తానుగా ఆ పని చేయజాలదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగవలసిందే. అడుగుతున్న ప్రోగ్రాము ఎవరి తరఫున నడుస్తున్నది, ఆ ఫైలు ఎవరిది, ఆ పనికి అనుమతి ఉన్నదా అని సిస్టమ్ విచారించి ఔననో కాదనో చెబుతుంది. దీనినే అనుమతి తనిఖీ అంటారు. 1970ల నాటి యూనిక్స్‌లో ఈ తనిఖీ ఎంతో సరళమైనది. ఫైలు యజమాని, అతని బృందం, తక్కినవారు అని మూడు వర్గాలు. ఒక్కొక్క వర్గానికి చదవడం, రాయడం, నడపడం అని మూడు అనుమతులు. వెరసి తొమ్మిది గుర్తులు. వీటన్నిటికీ అతీతుడైన వాడుకరి ఒక్కడే, అతని పేరు రూట్.

తనిఖీని కఠినం చేయడం అంత కష్టమైన పని కాదు. అంతకు ముందు నుంచి నడుస్తున్న ప్రోగ్రాములు ఆగిపోకుండా చేయడమే కష్టం. పొలం గట్టు మీద ఊరివారంతా ఇరవై ఏళ్లుగా నడుస్తుంటారు. అది దారి అని ఏ కాగితంలోనూ ఉండదు. యజమాని ఒకనాడు కంచె వేస్తే న్యాయం అతని పక్షాననే ఉండవచ్చు గాని, బడికి పోయే పిల్లలు, నీళ్లకు పోయే ఆడవారు ఎటు పోవాలి? పాత ప్రోగ్రాముల స్థితి సరిగా ఇటువంటిదే. నియమం లేని కాలంలో అవి తొక్కిన దారులు వాటికి అలవాటైపోయినవి.

విండోస్ అనుభవం

విండోస్ 95, 98లలో ఫైళ్లకు అనుమతుల పట్టిక లేదు. కంప్యూటరు ముందు ఎవరు కూర్చుంటే వారే యజమాని. వ్యాపార సంస్థల కోసం 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో మాత్రం ప్రతి ఫైలుకూ ఎవరికి ఏ అనుమతి ఉన్నదో తెలిపే పట్టిక ఉండేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ ఆ ఎన్‌టీ పునాదిని ఇళ్లలోని కంప్యూటర్లకూ తెచ్చినది. తాళం వచ్చినది గాని తాళంచెవి అందరి చేతిలోనూ పెట్టినారు. ఇంటి కంప్యూటరులో మొదట తెరిచే ఖాతాలు అడ్మినిస్ట్రేటర్ ఖాతాలుగానే ఏర్పడేవి. కనుక తనిఖీ జరిగినా దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు ఔననే.

ఇది నిర్లక్ష్యం వల్ల మాత్రమే జరిగినది కాదు. 95, 98ల కాలంలో రాసిన ప్రోగ్రాములు తమ లెక్కలను, అమరికలను ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరులో తాము ఉన్న చోటనే రాసుకునేవి. కంప్యూటరు మొత్తానికి ఉమ్మడి అయిన రిజిస్ట్రీ భాగంలోనూ రాసేవి. పరిమిత ఖాతాలో వీటిని నడిపితే అనేకం మొరాయించేవి. అందుచేత జనం అడ్మినిస్ట్రేటరుగానే ఉండిపోయినారు. వారి ఖాతాలోకి ప్రవేశించిన వైరసుకు కూడా అదే అధికారం దక్కినది.

2007 జనవరి 30న సామాన్య వినియోగదారులకు విడుదలైన విస్టా ఈ ముడిని విప్పబూనినది. అడ్మినిస్ట్రేటరు లోపలికి ప్రవేశించగానే అతనికి రెండు గుర్తింపులు లభిస్తాయి. ఒకటి సామాన్యుని అధికారాలు కలది, రెండవది పూర్తి అధికారాలు కలది. నిత్యకృత్యాలన్నీ మొదటిదానితోనే సాగుతాయి. పెద్ద పని వచ్చినప్పుడు తెర మసకబారి ప్రశ్న అడుగుతుంది. వాడుకరి ఔనంటేనే రెండవ గుర్తింపు వాడుకలోకి వస్తుంది.

మరి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసుకునే పాత ప్రోగ్రాముల గతి ఏమి? వాటికి కాదని చెప్పకుండా, అడిగిన చోట రాయనివ్వకుండా, మూడవ మార్గం ఒకటి కనిపెట్టినారు. పాత ప్రోగ్రాము అక్కడ రాయబోతే, ఆ రాత వాడుకరి సొంత ఫోల్డరులోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లించబడుతుంది. తిరిగి చదవబోతే సిస్టమ్ మొదట ఆ మళ్లించిన చోట చూసి, అక్కడ లేకుంటేనే అసలు చోట చూస్తుంది. రిజిస్ట్రీకి కూడా ఇదే పద్ధతి. ప్రోగ్రాముకు ఈ సంగతి ఏమీ తెలియదు. తాను అనుకున్న చోటనే రాశానని నమ్ముతుంది.

ఈ ఉపాయం తెలివైనదే గాని, చిన్న దుకాణాలవారికి దీనివల్ల కలిగిన తికమక అంతా ఇంతా కాదు. ఒకే కంప్యూటరులో తండ్రికి ఒక ఖాతా, కొడుకుకు ఒక ఖాతా ఉన్నవనుకుందాం. లెక్కల ప్రోగ్రాము ఒకటే. తండ్రి రాసిన బాకీలు తండ్రి వర్చువల్‌స్టోర్‌లో, కొడుకు రాసినవి కొడుకు వర్చువల్‌స్టోర్‌లో చేరతాయి. ఒకరి పద్దులు మరొకరికి కనబడవు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ప్రోగ్రాము సరిగా నడవడం లేదని ఎవరో చెప్పగా దానిని అడ్మినిస్ట్రేటరు అధికారంతో నడిపితే, అప్పుడు మళ్లింపు పనిచేయదు. అది అసలు ఫోల్డరునే చూస్తుంది. అక్కడ ఏనాటివో పాత లెక్కలు ఉంటాయి. ఏడాది పద్దులు మాయమైనవని గుండె బాదుకోవలసిన పని లేదు. అవి చెరిగిపోలేదు, వేరొక చోట ఉన్నవి.

ఈ ఏర్పాటు నేటి విండోస్ 11లోనూ ఉన్నది. కనుక పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి మారేటప్పుడు ప్రోగ్రాము ఫోల్డరును మాత్రమే నకలు తీసుకుంటే అసలు లెక్కలు వెనుకనే మిగిలిపోవచ్చు. పాతదానిని అమ్మే ముందు ప్రతి ఖాతాలోని వర్చువల్‌స్టోర్ ఫోల్డరును కూడా తెరచి చూడడం మేలు. యాప్‌డేటా ఫోల్డరు మామూలుగా కనబడదు. దాచిన ఫైళ్లను చూపే అమరికను ఎంచుకుంటేనే కనబడుతుంది.

మళ్లింపు అన్ని ప్రోగ్రాములకూ వర్తించదు. 32 బిట్ల పాత ప్రోగ్రాములకే ఈ వెసులుబాటు. తనకు ఏ స్థాయి అధికారం కావాలో ముందే ప్రకటించే చిన్న పత్రాన్ని జతపరచుకున్న ప్రోగ్రాముకు గాని, 64 బిట్ల ప్రోగ్రాముకు గాని మళ్లింపు ఉండదు. అవి కొత్త నియమాన్ని పాటించి తీరాలి. నియమం తెలిసి రాసినవారికి నియమం, తెలియక ముందు రాసినవారికి సడలింపు అన్నమాట. ఈ విభజనే మొత్తం ఏర్పాటులో మెచ్చదగినది.

ప్రశ్నల విషయంలో మాత్రం విస్టాకు మంచి పేరు రాలేదు. మాటిమాటికీ అడిగే ప్రశ్నకు మనిషి చదవకుండానే ఔనంటాడు. వాడుకరులకు చిరాకు కలిగించి, తద్వారా ప్రోగ్రాములు రాసేవారిపై ఒత్తిడి తేవడమే ఉద్దేశమని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి ఒకరు 2008లో బహిరంగంగానే అన్నారు. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లో ప్రశ్నలు తగ్గినవి.

లినక్స్ ఎంచుకున్న దారి

అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో ఎస్‌ఈలినక్స్ అనే అదనపు తనిఖీని బయటపెట్టినది. 2003లో అది లినక్స్ 2.6 మూలంలో చేరినది. ఇందులో రూట్‌కు కూడా హద్దులుంటాయి. దీనిని పాత తనిఖీ స్థానంలో పెట్టలేదు, దాని వెనుక నిలబెట్టినారు. మొదట తొమ్మిది గుర్తుల పాత తనిఖీ జరుగుతుంది. అది కాదంటే అక్కడితో సరి. అది ఔనన్న తరువాతనే కొత్త తనిఖీ వంతు. కొత్తది మరికొన్నిటిని కాదనగలదే గాని, పాతది కాదన్నదానిని ఔననలేదు. అందువల్ల కొత్త నియమాలు రాయడంలో పొరపాటు జరిగినా పాత రక్షణ చెక్కు చెదరదు.

అయినా ఇబ్బందులు తప్పలేదు. 2004 మే నెలలో వచ్చిన ఫెడోరా కోర్ 2లో అన్ని ప్రోగ్రాములకూ వర్తించే కఠిన నియమావళి ఉండేది. అది నిత్యవాడుకకు అడ్డు వస్తున్నందున దానిని ఆపివేసిన స్థితిలోనే విడుదల చేసినారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఫెడోరా కోర్ 3లో పద్ధతి మార్చినారు. బయటి నెట్‌వర్కుకు ఎదురుగా నిలిచే కొన్ని సేవలకే హద్దులు పెట్టి, తక్కినవాటిని యథాతథంగా వదిలినారు. అప్పుడు దానిని మొదటి నుంచే పనిచేసే స్థితిలో ఇవ్వగలిగినారు.

ఇక్కడ నేర్చుకోదగిన ఉపాయం మరొకటి ఉన్నది. ఎస్‌ఈలినక్స్‌ను రాసుకునే స్థితిలో ఉంచవచ్చు. ఆ స్థితిలో అది ఎవరినీ ఆపదు. నియమం అమలులో ఉంటే దేనిని ఆపేదో దానిని చిట్టాలో రాస్తుంది. గట్టు మీద కంచె వేయక ముందు నెల రోజులు కాపలాదారుని కూర్చోబెట్టి, ఎవరెవరు ఎందుకు నడుస్తున్నారో రాయించడం వంటిది ఇది. ఆండ్రాయిడ్ ఈ మెట్లనే ఎక్కినది. 2013లో 4.3 కూర్పులో రాసుకునే స్థితి, 4.4లో కొన్ని కీలక భాగాలకు మాత్రం అమలు, 2014 నాటి 5.0లో మొత్తానికీ అమలు. ఫోను చేతిలో ఉన్నవారిలో ఈ మార్పును గమనించినవారు దాదాపు లేరు. తనిఖీల విషయంలో ఇంతకు మించిన విజయం ఉండదు.

ఫోనులోని అనుమతులు

2015కు ముందు ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించేటప్పుడు అనుమతులన్నీ ఒక్కసారే ఇవ్వవలసి వచ్చేది. టార్చి లైటు యాప్ ఫోను నంబర్ల జాబితా అడిగినా, ఇస్తే అన్నీ ఇవ్వాలి, లేకుంటే యాప్ వద్దనుకోవాలి. 2015 అక్టోబరులో వచ్చిన 6.0 కూర్పుతో కెమెరా, మైకు, నంబర్లు, ఉన్న చోటు వంటివాటికి అవసరమైనప్పుడు విడివిడిగా అడిగే పద్ధతి మొదలైనది.

అప్పటికే ఉన్న లక్షల యాప్‌లకు ఇలా అడగడం తెలియదు. అందుచేత పాత కూర్పు కోసం రాసిన యాప్‌లకు అనుమతులు పూర్వంలాగే ఎక్కించేటప్పుడే లభించేవి. అయితే ఫోను అమరికలలోకి పోయి వాటిని తీసివేసే హక్కు యజమానికి వచ్చినది. తీసివేస్తే యాప్ కుప్పకూలకుండా చక్కని పద్ధతి పాటించినారు. నంబర్ల జాబితా అడిగిన పాత యాప్‌కు కాదనే జవాబు రాదు. ఖాళీ జాబితా వస్తుంది. ఈ ఫోనులో ఎవరి నంబర్లూ లేవు కాబోలు అని అది తన పని తాను చేసుకుంటుంది.

ఈ వెసులుబాటును దుర్వినియోగం చేసినవారూ ఉన్నారు. ప్రశ్న అడగకుండా అన్ని అనుమతులూ పొందడానికే కొందరు కావాలని తమ యాప్‌ను పాత కూర్పు కోసం రాసినట్లు ప్రకటించుకున్నారు. సడలింపుకు గడువు ఉండాలన్నది అప్పుడు స్పష్టమైనది. 2018 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు, నవంబరు నుంచి పాతవాటి సవరణలకు గూగుల్ ప్లే ఈ ద్వారాన్ని మూసినది. అయితే ప్లే ద్వారా కాక ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు పంపుకునే యాప్‌లకు అది వర్తించలేదు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14, 6.0 కంటే పాత కూర్పు కోసం రాసినట్లు ప్రకటించుకున్న యాప్ ఎటు నుంచి వచ్చినా ఎక్కించుకోవడానికి మామూలుగా నిరాకరిస్తుంది. ఫోనును ఆ కూర్పుకు మార్చేనాటికే అందులో ఉన్న పాత యాప్‌లను మాత్రం తొలగించదు. వాటికి ఇచ్చిన అనుమతులను అమరికలలో చూసి తీసివేయడం యజమాని చేతిలోనే ఉన్నది.