రైఫిల్ పెట్టె

రైఫిల్ పెట్టె అనగా రైఫిలును ఒకచోటి నుండి మరొకచోటికి దెబ్బ తగలకుండా, తడవకుండా, పరుల చేతికి చిక్కకుండా తీసుకొని వెళ్ళడానికి వాడే ప్రత్యేకమైన పెట్టె లేదా సంచి. దీనిని రైఫిల్ కేసు, గన్ కేసు అని కూడా అంటారు. ఒకప్పుడు ఇది వేటగాళ్ళ సామగ్రిలో భాగం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత భారతదేశంలో వినోదం కోసం వేటాడడం నిషిద్ధమైనది. కాబట్టి నేడు దీని అవసరం ప్రధానంగా గురిపోటీల క్రీడాకారులకు, వేట రైఫిళ్ళు వారసత్వంగా పొందిన లైసెన్సుదారులకు ఉంటుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో పెట్టెను ఎన్నుకొనేటప్పుడు వాతావరణం, అభయారణ్యాలు, రాష్ట్ర సరిహద్దులు అనే మూడు విషయాలను దృష్టిలో ఉంచుకోవాలి.

నేపథ్యం

శేషాచలం కొండలు, చామల లోయ, మామండూరు అడవులు ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలం వరకు వేటకు ప్రసిద్ధి. బెంగళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చామల లోయలోను, మామండూరులోను తిరిగిన పులుల గురించి వ్రాశాడు. అతడు వాడినది .405 విన్‌చెస్టర్ రైఫిలు. ఆ కాలపు ఖరీదైన పెట్టెలను ఓకు కర్ర, తోలుతో చేసి, లోపల మెత్తని ఉన్నిగుడ్డ అతికించేవారు. గొట్టాన్ని, కర్రభాగాన్ని విడదీసి వేరువేరు అరలలో అమర్చేవారు.

ఆ అడవులలో కొంత భాగం 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం అయినది. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించబడినది. మరోవైపు తెలుగు నేలపై రైఫిల్ క్రీడకు ఆదరణ పెరిగింది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2003లో అదే నగరంలో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో స్వర్ణం, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం సాధించాడు.

పెట్టె ఎందుకు అవసరం

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటర్లు. రెండు సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, వెనుక సైటు 0.05 మిల్లీమీటర్లు, అనగా అక్షరాలా వెంట్రుకవాసి జరిగినా, లక్ష్యం వద్ద 0.6 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. బస్సు సామాను అరలో పడిన ఒక్క దెబ్బ పోటీ ఫలితాన్ని మార్చగలదు. అందువలన మంచి పెట్టె రైఫిలుతో పాటు దాని గురిని కూడా కాపాడాలి.

రకాలు

మెత్తని సంచి: మందపు గుడ్డ, లోపల పలుచని ఫోము ఉంటాయి. తేలికగా భుజాన వేసుకోవచ్చు. ఇంటి నుండి స్థానిక రేంజికి సొంత వాహనంలో వెళ్ళడానికి సరిపోతుంది. బరువు మీద పడితే సైట్లను కాపాడలేదు.

గట్టి ప్లాస్టిక్ పెట్టె: రైలు, విమాన ప్రయాణాలకు తగినది. 1976లో కాలిఫోర్నియాలో మొదలైన పెలికాన్ సంస్థ పెట్టెలు ఈ రకానికి చెందినవి.

అల్యూమినియం పెట్టె: దృఢంగా ఉంటుంది. చౌకరకాలలో మూత అంచులు వంగి, గొళ్ళేలు సరిగా పడకపోవచ్చు. ఎండలో త్వరగా వేడెక్కుతుంది.

విడిభాగాల పెట్టె: రైఫిలును విప్పి పెట్టడానికి పనికివస్తుంది, పొడవు తగ్గుతుంది. గొట్టం విప్పి బిగించిన ప్రతిసారీ గురిని తిరిగి సరిచూసుకోవాలి.

ఎంపికలో చూడవలసిన అంశాలు

కొలత: రైఫిలును బిగించిన స్థితిలో కొలిచి, రెండు చివరలా కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఫోము ఉండేలా పెట్టెను తీసుకోవాలి. పోటీ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండవచ్చు. గట్టి పెట్టెతో కలిపితే మోసే బరువు రెట్టింపు కావచ్చు కనుక చక్రాలు ఉపయోగకరం.

ఫోము: రైఫిలు ఆకారానికి కోసినది మంచిది. సైట్లపై బరువు ఆనకుండా అక్కడ గాడి లోతుగా ఉండాలి. చిన్న గడులుగా ముందే కోసి ఉన్న ఫోమును చేతితో తీసివేసి అమర్చుకోవచ్చు.

సీలు: ఐపీ 67 గుర్తు ఉన్న పెట్టెలోకి దుమ్ము చొరబడదు, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి చేరదు. ఇటువంటి పెట్టెకు గాలి ఒత్తిడిని సమం చేసే కవాటం లేకపోతే విమానం దిగిన తరువాత మూత తెరవడం కష్టమవుతుంది.

తాళాలు: తాళం వేసిన తరువాత మూత మూలలను ఎత్తి చూడాలి. చేయి దూరేంత సందు ఏర్పడితే ఆ పెట్టె పనికిరాదు.

వాతావరణ ప్రభావం

తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో ఉంచిన పెట్టె ఇంకా వేడెక్కి ఫోము అంటుకొనే జిగురు వదులుతుంది. ఎయిర్ రైఫిల్ సిలిండరును అటువంటి వేడిలో ఉంచడం ప్రమాదకరం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలంలో సమస్య వేరుగా ఉంటుంది. ఫోము తేమను పీల్చుకొని ఉక్కు గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. నీరు చొరని పెట్టె లోపలి తేమను కూడా బయటకు పోనివ్వదు. కాబట్టి రైఫిలును తుడిచి, పలుచగా నూనె రాసి, సిలికా జెల్ పొట్లాలు వేయాలి. ఇల్లు చేరగానే రైఫిలును బయటకు తీసి, పెట్టెను తెరిచి ఆరబెట్టాలి. పెట్టె ప్రయాణానికే గాని నిలవకు కాదు.

చట్టం

భారతదేశంలో ఆయుధాల చట్టం (1959), ఆయుధాల నియమాలు (2016) అమలులో ఉన్నాయి. ఈ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో రైఫిలును దానికి తగిన సంచిలోగాని, పెట్టెలోగాని పూర్తిగా కప్పి తీసుకొని వెళ్ళాలి. అది మోసేవారి అదుపులో ఉండాలి. 4.5 మిల్లీమీటర్ల వ్యాసానికి, 20 జౌళ్ళ శక్తికి మించని ఎయిర్ రైఫిళ్ళకు లైసెన్సు అవసరం లేదు. అయినా చూపరులకు తేడా తెలియదు కనుక కొనుగోలు రసీదు, క్రీడా సంఘపు గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవడం మంచిది.

చిత్తూరు నుండి వేలూరు వెళ్ళినా, పలమనేరు దాటి కోలారు వైపు వెళ్ళినా రాష్ట్రం మారుతుంది. లైసెన్సు చెల్లుబాటయ్యే ప్రాంతం ఆ పత్రంలోనే వ్రాసి ఉంటుంది. దానిని ముందుగా చూసుకోవాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 31వ సెక్షను ప్రకారం వ్రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించరాదు. జాతీయ వనాలకు కూడా ఇది వర్తిస్తుంది. తాళం వేసిన పెట్టెలో ఉన్నా ఆయుధం ఆయుధమే. మామండూరు వద్ద శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలోనికి గాని, పలమనేరు, కుప్పం ప్రాంతాలలోని కౌండిన్య అభయారణ్యంలోనికి గాని వెళ్ళదలచినవారు రైఫిలును ఇంటివద్దనే సురక్షితంగా ఉంచాలి.

ప్రయాణాలు

రైలు: పెట్టెల్లో తీసుకొనిపోయే సామానుకు రైల్వే నియమాలలో 100×60×25 సెంటీమీటర్ల పరిమితి ఉన్నది. పూర్తి పొడవు రైఫిల్ పెట్టె దీనిని మించుతుంది కనుక స్టేషను సామాను కార్యాలయంలో ముందుగా విచారించాలి.

విమానం: రేణిగుంట విమానాశ్రయం నుండి వెళ్ళేవారు రైఫిలు ఉన్నట్లు చెక్-ఇన్ వద్ద తెలియజేయాలి. గుండ్లు లేని రైఫిలును తాళం వేసిన పెట్టెలో, అప్పగించే సామానుగా మాత్రమే అనుమతిస్తారు. తూటాలను వేరుగా సర్దాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం వీటి పరిమితి ప్రయాణికునికి 5 కిలోలు. ఎయిర్ రైఫిల్ సిలిండరును ఖాళీ చేయాలి. 120×35×15 కొలత గల పెట్టె మూడు కొలతల మొత్తం 170 సెంటీమీటర్లు అవుతుంది. అనేక సంస్థల సాధారణ పరిమితి 158 కనుక దీనిని క్రీడా సామగ్రిగా ముందుగా నమోదు చేయించుకోవాలి.

తిరుమల: కొండపైకి ఆయుధాలు నిషిద్ధం. అలిపిరి వద్ద వాహనాలను తనిఖీ చేస్తారు. పోటీల నుండి తిరిగివస్తూ దర్శనం చేసుకోదలచినవారు పెట్టెను కారులో వదలివెళ్ళడం సరికాదు. ఎంత మంచి తాళమైనా యజమాని అదుపునకు ప్రత్యామ్నాయం కాదు. రైఫిలును ముందుగా ఇంటికి చేర్చి, తరువాత కొండకు వెళ్ళడమే మార్గం.

ఇవి కూడా చూడండి

శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం
కౌండిన్య అభయారణ్యం
గగన్ నారంగ్
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972