ప్లాస్టిక్ విండ్‌స్క్రీన్ (సొంతంగా కట్టుకునే విమానాలు)

సొంతంగా కట్టుకునే చిన్న విమానాలకు ముందు అద్దం సాధారణంగా ఆక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్ షీటుతో ఉంటుంది. ఆక్రిలిక్ 1933లో జర్మనీలో ‘ప్లెక్సిగ్లాస్’ పేరుతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ ఫైటర్ల కాక్‌పిట్ కప్పులూ ఆక్రిలిక్‌వే.

కోత: ఆక్రిలిక్ పెళుసు, చలిలో మరీనూ. అందుకే షీటును వెచ్చని గదిలో ఉంచి, అదరకుండా బిగించి, సన్న పళ్ళ రంపంతోనో రాపిడి చక్రంతోనో కోస్తారు. అంచులో మిగిలిన చిన్న గాటు కూడా తర్వాత నెర్రెగా పాకుతుంది. కనుక ఎమరీ కాగితంతో నున్నగా రుద్దడం తప్పనిసరి. మామూలు డ్రిల్ బిట్ షీటును కొరికి పగలగొడుతుంది. ప్లాస్టిక్ కోసం మొన మార్చి సానబట్టిన బిట్ దాన్ని మెల్లగా గీకుతూ దిగుతుంది.

రంధ్రం బోల్టు కంటే పెద్దదిగా ఉండాలి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే మీటరు పొడవు ఆక్రిలిక్ షీటు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది; అదే పొడవు అల్యూమినియం చట్రం 1 మిల్లీమీటరు కూడా సాగదు. బోల్టును గట్టిగా బిగిస్తే పగులు అక్కడే మొదలవుతుంది.

రక్షణ: షీటు మీది కవచపు పొరను పని చివరిదాకా తీయకూడదు. పెట్రోలు, అసిటోన్, అమ్మోనియా కలిసిన క్లీనర్లు తగలనీయకూడదు.

శుభ్రత: సముద్రపు నీటి మీద దిగే విమానాల అద్దాలకు ఇంకో జాగ్రత్త కావాలి. ఉదాహరణకు, అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ కేంద్రంగా ‘జల్ హన్స్’ సీప్లేన్ సేవ నడిచింది. దాన్ని 2010 డిసెంబర్ 30న ప్రారంభించారు. అందులో తిరిగిన సెస్నా కారవాన్ ఫ్యాక్టరీలో తయారైనదే అయినా, దాని విండ్‌స్క్రీన్ కూడా ఆక్రిలిక్‌దే. ఉప్పునీరు ఆరిన అద్దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు మంచినీళ్ళు ధారాళంగా పోసి, ఆపై తేలికపాటి సబ్బునీటితో చేత్తో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దాలి.