బాలలపై హింస – ముప్పు అంచనా

బిడ్డకు హాని జరుగుతోందా, జరిగే సూచనలున్నాయా అని వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పోలీసులు గమనించి తేల్చుకోవడమే ముప్పు అంచనా.

ఇది ఆసుపత్రిలో మొదలైంది. 1962లో అమెరికాలో పిల్లల వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు పెద్దల చేతిలో దెబ్బలు తిన్న పిల్లల కేసులు 71 ఆసుపత్రుల నుంచి 302 సేకరించారు. వాటిలో 33 మంది పిల్లలు చనిపోయారు. ఎముకలు విరిగిన తీరుకూ పెద్దలు చెప్పే కారణానికీ పొంతన లేకపోతే వైద్యుడు అనుమానించి తీరాలని వారు తేల్చి చెప్పారు. 1973లో ఇంగ్లండ్‌లో ఏడేళ్ల మరియా కోల్‌వెల్‌ను మారుతండ్రి కొట్టి చంపాడు. ఇరుగుపొరుగు వారు, బడి ముందే హెచ్చరించారు. ఎవరికి తెలిసింది వారి దగ్గరే ఉండిపోయిందని విచారణలో తేలింది. అన్ని శాఖలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే పద్ధతి అక్కడ ఆ తర్వాతే బలపడింది.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లలు 12,447 మంది మాట్లాడారు. సగానికి పైగా, 53.22 శాతం మంది, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం కలిగినా పోలీసులకు చెప్పడం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. జరిగిన నేరాన్ని దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు. సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి నేరాన్ని దాస్తే ఏడాది వరకు. పిల్లలతో మెలిగే సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించాలని ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు చెప్పాయి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసహాయం ఒకే కప్పు కిందికి తెచ్చింది. మేలైన పనే, అయితే బిడ్డ అక్కడికి చేరేది దెబ్బ తగిలాకే.

దెబ్బ తగలకముందే గుర్తించడం ఊళ్లోనే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా నకరికల్లు మండలాన్నే చూద్దాం. మిరప కోతల కాలంలో పెద్దలు పొద్దున్నే పొలానికి పోతే పిల్లలు ఇంట్లోనో, ఇతరుల పంచనో ఉండే పల్లెలివి. బరువు తగ్గడం అంగన్‌వాడీ టీచరుకు తెలుస్తుంది, గైర్హాజరు బడి రిజిస్టరులో పడుతుంది, గాయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనబడుతుంది. చూసే కళ్లకు ఇక్కడ కొరత లేదు. ఆ మూడింటినీ కలిపి చూడటం మండలంలోనే జరగాలి, జిల్లా కార్యాలయం దాకా ఆగకూడదు.

అనుమానం ఉన్నవారు రుజువుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై కేసు ఉండదని పోక్సో చట్టమే చెబుతోంది.