ఫుకుజావా యుకిచి: బడి, అచ్చుకూటం, జమాఖర్చు

జపాన్‌లో వ్యాపారానికి చదువు హోదా తెచ్చినవారిలో ఫుకుజావా యుకిచి అగ్రగణ్యుడు. 1835లో ఒసాకాలో ఒక చిన్నస్థాయి సమురాయ్ ఇంట పుట్టాడు. డచ్చి భాష నేర్చి, 1858లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, బడి పెట్టాడు. మరుసటి ఏడు యోకోహామా వెళ్లి చూస్తే అక్కడి విదేశీ వర్తకులతో డచ్చి పనికిరాలేదు. వెంటనే ఇంగ్లీషు చేపట్టాడు. 1860లో అమెరికా, 1862లో ఐరోపా చూసివచ్చాడు.

ఆ అనుభవంతో రాసిన ‘సెయో జిజో’ 1866లో వెలువడింది. కంపెనీలు, కాగితపు డబ్బు, ప్రభుత్వ రుణం ఎలా నడుస్తాయో అందులో సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పాడు. అది విపరీతంగా అమ్ముడైంది, దొంగ ముద్రణలూ అంతే జోరుగా వచ్చాయి. గ్రంథకర్త హక్కుల కోసం పోరాడుతూనే, 1869లో పుస్తక వర్తకుల సంఘంలో సభ్యుడై తన పుస్తకాలు తానే ప్రచురించుకున్నాడు. వర్తకుణ్ని చిన్నచూపు చూసే సమురాయ్ వర్గంలో పుట్టినవాడు ఇలా దుకాణదారుగా పేరు రాయించుకోవడం నిజంగా సాహసమే.

1868లో బడికి కెయో గిజుకు అని పేరు పెట్టి, ఆ తర్వాత నిర్ణీత రుసుము వసూలు పద్ధతి తెచ్చాడు. 1868లోనే ఆ నగరంలోని ఉయెనోలో యుద్ధం జరుగుతున్న రోజున కూడా అర్థశాస్త్ర పాఠం ఆపలేదు. 1873లో అమెరికన్ పాఠ్యపుస్తకాన్ని అనువదించి జమాఖర్చుల శాస్త్రాన్ని, తర్వాతి భాగంలో జంటపద్దు విధానాన్ని పరిచయం చేశాడు. శిష్యుడు హయాషి యుతెకి స్థాపించిన మారుజెన్ పుస్తకాల సంస్థ నేటికీ ఉంది. 1882లో ‘జిజి షింపో’ దినపత్రిక మొదలుపెట్టాడు. 1890లో కెయోలో విశ్వవిద్యాలయ విభాగం ఏర్పడింది. సాహిత్యం, న్యాయశాస్త్రాల సరసన అర్థశాస్త్రం చోటు చేసుకుంది.