మోకీలులో మిగిలినదాని కోసం

మోకీలు పైకి ఒకే కీలులా కనిపించినా లోపల మూడు గదులుగా ఉంటుంది: లోపలి గది, బయటి గది, చిప్ప వెనక ఉండే ముందు గది. ఎముకల కొసలను కప్పి వాటిని నునుపుగా జారనిచ్చే మృదులాస్థి, అంటే జనం ‘గుజ్జు’ అని పిలిచే పొర, చాలామందిలో మొదట లోపలి గదిలోనే అరుగుతుంది. అరిగిన ఆ ఒక్క గదికి తొడుగు వేసి, మిగిలిన గుజ్జునూ లిగమెంట్లనూ ముట్టుకోకుండా వదిలే శస్త్రచికిత్సే పాక్షిక మోకీలు మార్పిడి.

1950లలో అమెరికాలో మెక్‌కీవర్, కెనడాలో మెకింటోష్ కాలి ఎముక పైకొస మీద ఒక్క పలకను అమర్చి ఊరుకున్నారు. ఇంగ్లండులో జాన్ చార్న్లీ దగ్గర పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్, తొడ ఎముకకు లోహాన్నీ కాలి ఎముకకు ప్లాస్టిక్‌నూ సిమెంటుతో అతికించే పద్ధతిని 1971లో ప్రచురించాడు. అసలు చిక్కు ఆకారంలో ఉంది. తొడ ఎముక కొస గుండ్రన, కాలి ఎముక పైభాగం దాదాపు చదును. ప్లాస్టిక్‌ను గుండ్రానికి తగినట్టు తొలిస్తే కీలు జారలేక అతుకు వదులవుతుంది, చదునుగా ఉంచితే బరువంతా ఒక్క బిందువు మీద పడి ప్లాస్టిక్ అరిగిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ శస్త్రవైద్యుడు జాన్ గుడ్‌ఫెలో, ఇంజినీరు జాన్ ఓకానర్ 1974లో దీనికి విరుగుడు కనిపెట్టారు: పైన గుంటగా, కింద చదునుగా ఉండి, దేనికీ అతకకుండా రెండు లోహాల నడుమ జారే ప్లాస్టిక్ బిళ్ల. మోకీలులో మెత్తలా పనిచేసే నెలవంక ఆకారపు మెనిస్కస్‌కు అది అనుకరణ. 1976లో దాన్ని రెండు గదులకూ వాడినవారు 1982 నుంచి ఒక్క గదికే పరిమితం చేశారు. కీలు మధ్యలోని ముందు లిగమెంటు (ఏసీఎల్) చెక్కుచెదరకుండా ఉన్నచోటే అది నిలుస్తోందని అనుభవం తేల్చింది.

యువ రోగులకు తలుపు మూసినది మాత్రం 1989లో శస్త్రవైద్యులు కోజిన్, స్కాట్ రాసిన వ్యాసం. అరవై దాటినవారికి, 82 కిలోల లోపు బరువున్నవారికి, శ్రమ తక్కువ చేసేవారికి మాత్రమే ఈ ఆపరేషన్ తగునని అందులో ఉంది. ఇవి ఎక్కువగా నాటి శస్త్రవైద్యుల జాగ్రత్తలే. అయినా రెండు దశాబ్దాలు శాసనంలా చెల్లాయి. వెయ్యి మోకీళ్ల ఫలితాలను పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ బృందం, తమ అమరిక విషయంలో ఆ హద్దులు అనవసరమని 2011లో ప్రకటించింది.

నలభైల్లో అరుగుదల ఎందుకొస్తుందన్నదానికి ఒక జవాబు అంతకుముందే ఉంది. మెనిస్కస్ తీసేసిన మోకీళ్ల ఎక్స్‌రేల్లో కనబడే అరుగుదల మార్పులను వైద్యుడు ఫెయిర్‌బ్యాంక్ 1948లోనే వర్ణించాడు. ఆటగాళ్లూ మోకాళ్ల మీద పనిచేసే వలస కార్మికులూ ఉన్న ఖతర్‌లో ఈ సంగతికి బరువెక్కువ. ఆటల వైద్యానికి ప్రత్యేకించిన ఆస్పెటర్ ఆసుపత్రి 2007లో దోహాలో తెరుచుకుంది. ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఏసీఎల్, మెనిస్కస్ గాయాలు మామూలే. ఇక, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి అక్కడికి వెళ్లిన టైల్స్ మేస్త్రీ రోజంతా మోకాళ్ల మీదే ఉంటాడు. మోకాళ్ల మీద కూర్చుని, గొంతుక్కూర్చుని చేసే పని అరుగుదలను పెంచుతుందన్నది రుజువైన విషయం. నమాజులో మోకాళ్లు పూర్తిగా ముడిచి, నుదురు నేలకు ఆనించి సజ్దా చేయాల్సినవారికి, మడత మెరుగ్గా మిగిలే పాక్షిక మార్పిడి ఆకర్షణీయం. అయితే జారే బిళ్ల పక్కకు తప్పిపోయే ప్రమాదమూ లోతైన మడతలోనే ఎక్కువ.

2019లో వెలువడిన బ్రిటిష్ టాప్‌క్యాట్ పరిశోధన, 27 ఆసుపత్రుల్లోని 528 మందిపై జరిగింది. అయిదేళ్లకు పాక్షిక, పూర్తి మార్పిడుల ఫలితాలు దాదాపు ఒకటేనని, పాక్షికమే చవక అని చూపింది. కాకపోతే అందులో సగటు వయసు అరవై అయిదు. యువకుల విషయంలో లెక్క వేరు. ఎంత చిన్న వయసులో అమరిస్తే మళ్లీ మార్చాల్సిన అవకాశం అంత ఎక్కువ. యాభైల తొలినాళ్లలో పూర్తి మార్పిడి చేయించుకున్న పురుషుల్లోనే జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం దాదాపు 35 శాతమని 2017 నాటి బ్రిటిష్ అధ్యయనం తేల్చింది. ఎముకనే కోసి కాలి వంకర సరిచేసే ఆస్టియాటమీని బరువు పని చేసే యువకులకు అందుకే ఇంకా ఎంచుకుంటున్నారు. రుమటాయిడ్ వంటి వాపు వ్యాధులు మోకీలు మొత్తాన్ని తినేస్తాయి గనుక ఆ రోగులకు పాక్షిక మార్పిడి పనికిరాదు.

బయటి గదిలో గుజ్జు నిండుగా ఉందో లేదో ముందుగా కాలిని ఒత్తిపట్టి ఎక్స్‌రే తీసి చూస్తారు. ఏసీఎల్ బిగువును మాత్రం కీలు తెరిచాకే రూఢిచేసుకుంటారు. అందుకని ఆపరేషన్ బల్ల పక్కన పూర్తి మార్పిడి సామగ్రి కూడా సిద్ధంగా పెట్టుకుంటారు.