మళ్లీ ఆడతాడా: విశాఖ క్రికెట్‌లో ఒక పాత చర్చ

ఆటకు దూరమైన పెద్ద ఆటగాడిని మళ్లీ జట్టులోకి పిలవాలా వద్దా అన్న వాదన విశాఖపట్నం క్రికెట్‌కు కొత్త కాదు. వాదించేవాళ్ల మాటలు కూడా పెద్దగా మారలేదు. ఒకరు వయసు లెక్కపెడతారు, ఇంకొకరు పాత ఇన్నింగ్స్ గుర్తుచేస్తారు, మూడోవారు అతని వల్ల చోటు పోయే కుర్రాడి సంగతేమిటని అడుగుతారు. మారిందల్లా తలుపు తీసే అధికారం ఎవరిదన్నదే. జమీందార్ల కాలంలో పోషకుడి పిలుపు చాలేది. తర్వాత ఎంపిక సంఘం మాట చెల్లింది. ఇప్పుడు ఫ్రాంచైజీ వంతు. ఈ మూడు కాలాలకూ విశాఖ ప్రాంతంతో సంబంధముంది.

మొదటి కాలానికి పేరు విజ్జీ. విజయనగరం రాజకుటుంబంలో 1905లో పుట్టిన పూసపాటి విజయానంద గజపతిరాజును క్రికెట్ ప్రపంచం ఆ పేరుతోనే ఎరుగును. ఆనాటికి విజయనగరం విశాఖపట్నం జిల్లాలో భాగమే; అది వేరే జిల్లా అయింది 1979లో. విజ్జీ ఎక్కువకాలం కాశీలోని తమ ఎస్టేటులో ఉన్నా, 1960లలో లోక్‌సభకు వెళ్లింది విశాఖపట్నం నుంచే. శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు 1930-31 పర్యటన రద్దు చేసుకుంటే, ఆయన సొంత డబ్బుతో ఒక జట్టు కట్టి భారతదేశమంతా, సింహళమంతా తిప్పాడు. అందులో ఆడినవారిలో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఉన్నారు. హాబ్స్ అప్పటికి కొన్ని నెలల కిందటే టెస్టు క్రికెట్ వదిలేశాడు, యాభైకి దగ్గర పడుతున్నాడు. అయినా కాశీ నుంచి పిలుపు రాగానే ఓడెక్కాడు. ఏ సెలెక్టరూ ఒప్పుకోవలసిన పని లేదు, ఏ అభిమానీ అడగవలసిన పని లేదు.

ఈ పద్ధతికి రెండో ముఖం 1936లో కనిపించింది. ఇంగ్లండు పర్యటనకు విజ్జీ కెప్టెన్ అయ్యాడు. అదే జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన నాయుడు 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు నాయకుడు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన మొత్తం పరుగులు 33. నాయుడు ఓవల్‌లో తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో చేసినవి 81. ఇద్దరికీ పడలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ తర్వాత భారత్ టెస్టు ఆడటానికి పదేళ్లు పట్టింది. మధ్యలో యుద్ధం. 1946 నాటికి నాయుడికి యాభై దాటాయి. ఆయన టెస్టుల్లోకి తిరిగి రావాలా వద్దా అన్న చర్చకు చరిత్ర అవకాశమే ఇవ్వలేదు.

దేశవాళీ క్రికెట్‌లో మాత్రం నాయుడు ఆగలేదు. ఇండోర్ హోల్కర్ జట్టుకు నాలుగు రంజీ ట్రోఫీలు తెచ్చి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే, రంజీలో తొలిసారి అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించాడు. వయసు 58. పూర్వీకుల భాష మాట్లాడే రాష్ట్రానికి ఆయన తిరిగి వచ్చాడనడం కంటే, పుట్టుకతో ఎన్నడూ చెందని జట్టుకు ఇంటి పెద్దగా వచ్చాడనడమే సరి. కొత్త జట్టుకు పరుగుల కన్నా ఆ పేరు కావాలి. 1956-57లో 61 ఏళ్ల వయసులో ఉత్తర్‌ప్రదేశ్‌కు ఆడి, రాజస్థాన్ మీద 84 పరుగులు చేశాడు. ఉత్తర్‌ప్రదేశ్ క్రికెట్‌లో అప్పుడు పలుకుబడి ఎవరిదో చెప్పనక్కరలేదు: విజ్జీదే. ఇరవయ్యేళ్ల కిందటి మనస్పర్ధలు ఇద్దరూ ఎంతవరకు మరిచారో గాని, ముసలి సింహానికి మైదానం మళ్లీ దొరికింది.

రెండో కాలం నాటికి విశాఖ రూపమే మారిపోయింది. 1933లో మొదలైన నౌకాశ్రయం చుట్టూ నౌకానిర్మాణం, చమురుశుద్ధి, జింకు కర్మాగారాలు వచ్చాయి. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తర్వాత నగరానికి దక్షిణాన ఉక్కు కర్మాగారం, ఉక్కునగరం లేచాయి. ఉద్యోగాల కోసం ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు తమ అభిమాన ఆటగాళ్లనూ వెంట తెచ్చుకున్నారు. మున్సిపల్ స్టేడియంలో, అంటే ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో, 1988 డిసెంబరులో న్యూజిలాండ్‌తో తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. ఆ రోజు శ్రీకాంత్ 70 పరుగులు చేయడమే కాక, ఎవరూ ఊహించని విధంగా ఐదు వికెట్లు కూడా తీశాడు. మధురవాడ దగ్గర పోతినమల్లయ్యపాలెంలో కొత్త స్టేడియం తయారయ్యాక పెద్ద మ్యాచులు అటు మళ్లాయి.

ఆ కొత్త మైదానంలో తొలి వన్డే 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌తో. అంతకుముందు నాలుగు వన్డేల్లో కలిపి పాతిక పరుగులు కూడా చేయని మహేంద్రసింగ్ ధోనీని గంగూలీ మూడో స్థానంలో పంపాడు. 123 బంతుల్లో 148. జులపాల జుట్టు కుర్రాడి కొట్టుడు చూసిన నగరం ఆనాటి నుంచి అతన్ని తనవాడనుకుంది. అందులో కొంత న్యాయముంది. ధోనీ పెరిగిన రాంచీ కాలనీ మెకాన్‌ది. ఉక్కు కర్మాగారాలకు రూపకల్పన చేసే ఆ ప్రభుత్వరంగ సంస్థలోనే అతని తండ్రి ఉద్యోగి. క్వార్టర్లు, కంపెనీ బడి, సాయంత్రం మైదానం అనే ఆ జీవితం ఉక్కునగరం పిల్లలకు కొత్తది కాదు.

ధోనీ కథలో విశాఖ పేరు ఆశ్చర్యం కలిగించేంత తరచుగా వస్తుంది. వన్డేలకు పూర్తికాల కెప్టెన్‌గా అతని ఆఖరి మ్యాచ్ 2016 అక్టోబరు 29న ఇక్కడే. న్యూజిలాండ్ 79కే కుప్పకూలింది. 2017 జనవరిలో అతను పగ్గాలు వదిలేశాడు. 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాతో టీ20లో అతను 37 బంతులాడి 29 పరుగులతో అజేయంగా మిగలగా, భారత్ ఆఖరి బంతికి ఓడింది. ఇక చాలు అన్నవాళ్లకు ఆ ఇన్నింగ్స్ ఆధారం. అవతల వికెట్లు పడుతుంటే ఏం చేస్తాడు అన్నది అభిమానుల జవాబు. ఒకే స్కోరు రెండు వాదనలకూ సాక్ష్యమైంది.

2019 జులై నెల ఈ చరిత్రలో అన్నిటికన్నా కిక్కిరిసిన నెల. మొదట అంబటి రాయుడు. గుంటూరులో పుట్టి హైదరాబాదులో ఎదిగి, బోర్డు గుర్తింపు లేని ఐసీఎల్‌లో చేరి దూరమై, 2009లో క్షమాభిక్షతో తిరిగొచ్చిన ఆటగాడు. అంటే పునరాగమనం అతనికి అప్పటికే ఒకసారి అయింది. 2018 అక్టోబరులో విశాఖలో వెస్టిండీస్‌తో టై అయిన వన్డేలో కోహ్లీ 157 చేస్తే, తోడుగా నిలిచిన రాయుడు 73 చేశాడు. నాలుగో స్థానం అతనిదేనని అందరూ నమ్మారు. 2019 ఏప్రిల్ 15న ప్రకటించిన ప్రపంచకప్ జట్టులో అతని పేరు లేదు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ తెలిసిన ‘త్రీ డైమెన్షనల్’ ఆటగాడని చెబుతూ విజయ్ శంకర్‌ను ఎంపిక చేసిన సంఘానికి అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్, ఆంధ్ర మాజీ కెప్టెన్, గుంటూరు ప్రాంతం వాడే. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకుంటున్నానని రాయుడు చురక వేశాడు. విజయ్ శంకర్ గాయపడినా పిలుపు మయాంక్ అగర్వాల్‌కు వెళ్లింది. జులై 3న రాయుడు ఆటకు స్వస్తి చెప్పాడు.

ఆ కోపం రెండు నెలలు నిలవలేదు. ఆగస్టు చివర్లో రిటైర్మెంట్ వెనక్కి తీసుకుంటున్నట్టు హైదరాబాద్ సంఘానికి రాశాడు. భారత జట్టు తలుపు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. ఎదురుచూసింది చెన్నై ఫ్రాంచైజీ: 2020 ఐపీఎల్ తొలి మ్యాచ్‌లో ముంబైపై 71 పరుగులు, 2023లో ట్రోఫీతో వీడ్కోలు. మధ్యలో 2022లో ఒకసారి రిటైర్మెంట్ ప్రకటించి, ఆ ట్వీటును కాసేపటికే తీసేశాడు. తెలుగు అభిమానుల్లో అతని ప్రతిభను శంకించినవాళ్లు తక్కువ, నిలకడను నమ్మినవాళ్లు ఇంకా తక్కువ.

జులై 10న మాంచెస్టర్‌లో సెమీఫైనల్, ధోనీ రనౌట్. అతను ఏమీ చెప్పలేదు. టెరిటోరియల్ ఆర్మీ విధులకు వెళ్లాడు, తర్వాతి సిరీస్‌లకు దూరంగా ఉన్నాడు. పదమూడు నెలల ఆ మౌనం దేశమంతటా, ధోనీని తనవాడనుకున్న విశాఖలో మరీనూ, వాదనకు మేత వేసింది. కుర్రవాళ్ల వైపు చూస్తున్నామని అక్టోబరులో ప్రసాద్ చెప్పాడు. 2020 జనవరిలో బోర్డు వార్షిక ఒప్పందాల జాబితాలో ధోనీ పేరు కనిపించలేదు. ఐపీఎల్‌లో రాణిస్తే టీ20 ప్రపంచకప్‌కు వస్తాడన్నది అభిమానుల ఆఖరి ఆశ. కరోనా వచ్చి ఐపీఎల్‌నే వాయిదా వేసింది. ఆగస్టు 15న ధోనీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పాత పాటతో వీడ్కోలు చెప్పాడు.

అదే 2019 జులైలో మరొక రిటైర్మెంట్ జరిగింది. దాని గురించి ఎవరూ వాదించుకోలేదు. గాజువాక వైపు నుంచి వచ్చిన యలక వేణుగోపాలరావు అసలైన విశాఖ కుర్రాడు. 2000లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టు సభ్యుడు. 2004లో ఇంగ్లండ్-ఎ మీద సౌత్ జోన్ 501 పరుగుల లక్ష్యాన్ని ఛేదించినప్పుడు 228తో అజేయంగా నిలిచాడు. 2005, 2006లలో 16 వన్డేలు ఆడాడు. 2006 తర్వాత పిలుపు రాలేదు, రమ్మని గట్టిగా అడిగినవాళ్లూ లేరు. తిరిగి వస్తాడా అన్న ప్రశ్న ఒక హోదా. నగరం దాన్ని రాంచీవాడికి ఇచ్చినంత ధారాళంగా సొంత వాడికి ఇవ్వలేదు.

సెలెక్టర్లు తలుపు తీస్తే ఏమవుతుందో కూడా విశాఖ చూసింది. 2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో టెస్టులో, అంతకుముందు జట్టులో చోటు నిలుపుకోలేకపోయిన రోహిత్ శర్మను తొలిసారి ఓపెనర్‌గా దింపారు. రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు: 176, 127. వెస్టిండీస్ పర్యటన టెస్టుల్లో బెంచీకే పరిమితమైన అశ్విన్ తొలి ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీశాడు. గాయంతో దాదాపు రెండేళ్లు దూరమైన సాహా వికెట్ల వెనక నిలబడ్డాడు.

మూడో కాలపు రుచి నగరానికి 2016లోనే తెలిసింది. మహారాష్ట్ర కరువు వల్ల బాంబే హైకోర్టు ఆదేశంతో మ్యాచులు తరలినప్పుడు పుణె ఫ్రాంచైజీ విశాఖను సొంత మైదానంగా ఎంచుకుంది. మే 21న పంజాబ్‌పై చివరి ఓవర్లో 23 పరుగులు కావలసి ఉండగా ధోనీ అక్షర్ పటేల్ బౌలింగ్‌లో ఆఖరి బంతిని సిక్సర్‌గా మలిచాడు. 2024 మార్చి 31న చెన్నైతో ఇక్కడ ఆడిన ఢిల్లీ జట్టుకు విశాఖ అప్పుడు రెండో ఇల్లు. అయినా గ్యాలరీలన్నీ చెన్నై పసుపే. మోకాలి శస్త్రచికిత్స తర్వాత ఆ సీజన్‌లో తొలిసారి బ్యాట్ పట్టిన ధోనీ ఎనిమిదో స్థానంలో వచ్చి 16 బంతుల్లో 37 కొట్టాడు. చెన్నై 20 పరుగులతో ఓడింది. మ్యాచ్ పోయినా ఇంటికి వెళ్లే జనం నవ్వుతూనే వెళ్లారు. గెలుపుతో పనిలేని ఈ అభిమానం ఫ్రాంచైజీ లెక్కలకు బాగా సరిపోతుంది. ఆ ఏడాది అక్టోబరులో, ఐదేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడని భారతీయుడిని అంతర్జాతీయ అనుభవం లేని కోవలో లెక్కించే పాత నిబంధన తిరిగి రాగా, చెన్నై ధోనీని 4 కోట్లకే అట్టిపెట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో రుతురాజ్ గైక్వాడ్ మోచేయి విరగడంతో 43 ఏళ్ల ధోనీ మళ్లీ కెప్టెన్. ఆ సీజన్‌లో చెన్నై పట్టికలో అట్టడుగున నిలిచింది.

ఆ మార్చి 31 మ్యాచ్‌లోనే మరో కీపర్ పునరాగమనం కూడా ఉంది. 2022 డిసెంబరు కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన రిషభ్ పంత్, ఆ తర్వాత తొలి అర్ధసెంచరీ చేసింది ఈ మైదానంలోనే. అతను లేని కాలంలో టెస్టుల్లో కీపింగ్ చేసినవారిలో విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ ఒకడు. 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో ఆరంభించి, ఓవల్‌లో ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడి, 2024 ఫిబ్రవరిలో సొంత ఊళ్లో ఇంగ్లండ్ మీద ఏడో టెస్టు ఆడాడు. తర్వాతి టెస్టుకు ధ్రువ్ జురెల్ వచ్చాడు. సెప్టెంబరులో చెన్నైలో బంగ్లాదేశ్‌పై సెంచరీతో పంత్ టెస్టుల్లోకి తిరిగి వచ్చాక, జురెల్ రెండో కీపరయ్యాడు. భరత్ ఆంధ్ర తరఫున రంజీ ఆటకు వెళ్లాడు.