రాయి కాలిన నేల

దామరచర్ల నిప్పు చరిత్రను 2015 జూన్ 8న, వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచి లెక్కపెట్టడం తప్పు. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి చుట్టూ ఉన్న సున్నపురాయి అంతకు ముందే సిమెంటు బట్టీలను ఇక్కడికి రప్పించింది. బట్టీలో బొగ్గు మండడం దహనం: కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి వేడినిస్తుంది. రాయి మండదు, దాదాపు 900 డిగ్రీల దగ్గర విడిపోతుంది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి.

4,000 మెగావాట్ల కేంద్రం కాల్చే బొగ్గు ముందు ఇదెంత అని అడగవచ్చు. పరిమాణంలో ఆ మాట నిజమే. కానీ కరెంటును ఎండ నుంచీ తీయవచ్చు. రాయిలోని వాయువు మాత్రం బట్టీకి ఏ ఇంధనం వాడినా బయటికి రాక తప్పదు. ఊపిరితిత్తులకైతే ఈ తేడా పట్టదు. బొగ్గు బూడిదైనా సిమెంటు దుమ్మైనా, 2.5 మైక్రాన్ల కంటే సన్నని రేణువులు గాలిగదుల దాకా దిగుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లను మరింత బాధిస్తాయి. అందుకే చిమ్నీ దగ్గరి కొలతలొక్కటే చాలవు. ఊళ్లలో పీల్చే గాలిని కొలిచి, ఆ అంకెలను ప్రతి పంచాయతీ గోడ మీదా తెలుగులో రాయించాలి.